భూమి లెక్కయు, ఊరి సాక్ష్యమును

మన పల్లెలలో రైతు ఇంట ఒక ఇనుప పెట్టె యుండును. ఆ పెట్టెలో పెండ్లి బట్టల అడుగున, బంగారము కన్న భద్రముగా, కొన్ని కాగితములు మడతపెట్టి దాచబడి యుండును. తాతనాటి పట్టా నకలు ఒకటి. పహాణీ నకలు ఒకటి. తండ్రి ఎవరివద్దనో కొన్న భూమికి తెల్ల కాగితముపై వ్రాయించుకొన్న సాదా బైనామా ఒకటి. ఇటీవల వచ్చిన పట్టాదారు పాసు పుస్తకము ఒకటి. ఇవి యన్నియు ఒకే భూమిని గూర్చి చెప్పవలసినవే. కాని ప్రక్కప్రక్కన పరచి చూచినచో ఒకదానిలో 4 ఎకరములు, వేరొకదానిలో 3 ఎకరముల 30 గుంటలు. ఒకదానిలో తాత పేరు, వేరొకదానిలో పెదతండ్రి పేరు కానవచ్చును. పొలమునకు పోయి గొలుసు వేసి కొలిచినచో మరియొక లెక్క తేలును. వరంగల్లు ప్రాంతపు భూమిని గూర్చి మాటలాడబూనినవారు ఈ ఇనుప పెట్టెనుండియే ఆరంభింపవలెను.

భూమి విషయమున ప్రభుత్వము చేయవలసిన పనులు రెండు. ఏ భూమి ఎవరిది, దానిని ఎవరు సాగుచేయుచున్నారు, దాని హద్దులేవి అని లెక్క వ్రాసి నిలుపుట మొదటిది. ఎచ్చట పైరు పండవలెను, ఎచ్చట ఇల్లు లేవవలెను, ఎచ్చట దారి పోవలెను, ఎచ్చట నీరు నిలువవలెను అని ముందుగా ఆలోచించి నిర్ణయించుట రెండవది. మొదటిదానిని భూపరిపాలన యనియు, రెండవదానిని భూవినియోగ ప్రణాళిక యనియు అందురు. మొదటిది రెవిన్యూ శాఖ పని, రెండవది పట్టణాభివృద్ధి సంస్థల పని అని కార్యాలయములు పంచుకొన్నవి. భూమి మాత్రము అట్లు రెండుగా చీలి యుండలేదు. ఈ రెండు పనులును మన ప్రాంతమున ఏల తడబడినవో ఆలోచించినచో ముఖ్యకారణ మొక్కటే కన్పట్టును. లెక్కయు, ప్రణాళికయు గూడ ఊరి సాక్ష్యము లేకుండ వ్రాయబడుటయే ఆ కారణము. ఆ సంగతినే శ్రోతలకు మనవి చేయదలచితిని.

ఈ లెక్క మొదట ఎందులకు పుట్టినదో తెలిసికొన్నచో దాని లోపమును తెలియును. నిజాము రాజ్యమున మొదటి సాలార్జంగు దివానుగా నున్న కాలమున, 1865 ప్రాంతమున, జిల్లాబందీ అను ఏర్పాటు జరిగి రాజ్యము జిల్లాలుగా విభజింపబడెను. ఆ పిమ్మట పొలము పొలమునకు గొలుసు వేసి కొలుచు సర్వే మొదలయ్యెను. ప్రతి పొలమునకు ఒక సర్వే నంబరు వచ్చెను. నంబరు నంబరునకు కొలతలతో కూడిన చిత్తు పటము గీయబడెను. దానినే టిప్పన్ అందురు. ఊరికంతకు నక్షా తయారయ్యెను. ఏ నంబరు విస్తీర్ణ మెంత, శిస్తు ఎంత, పట్టాదారు డెవరు అని సేత్వారు అను మూల రికార్డు వ్రాయబడెను. 1317వ ఫసలీలో, అనగా 1907లో, భూమి శిస్తు చట్టము వచ్చెను.

ఆనాడు గొలుసు వేసినవారు సమర్థులే. నేటికిని హద్దు తగాదా వచ్చినప్పుడు సర్వేయరు వెదకునది ఆ టిప్పన్నే. కాని ఆ లెక్క ఉద్దేశము శిస్తు వసూలు. శిస్తు కట్టువాని పేరు దొరికిన చాలును. దున్నువాడెవడో ఆ పుస్తకమునకు అవసరము లేదు. పుస్తకము పట్వారీ చేతిలో నుండెను. పైకార్యాలయముల భాష ఉర్దూ. లెక్కలోని మాటలు సామాన్య రైతునకు అర్థము కానివి. ఊరివారి భూమిని గూర్చి వ్రాసిన పుస్తకమును ఊరివారిలో చదువగలవారు ఒకరిద్దరు మాత్రమే. వారును దొర వైపువారే. పుస్తకము ఎవరి చేతిలో నున్నదో భూమియు క్రమముగా వారి చేతిలోనికి జరుగుట వింత కాదు. జనగామ తాలూకా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సాగుచేసికొనుచున్న భూమిపై విసునూరు దేశముఖు కన్నుపడినప్పుడు, ఆమెకు అండగా నిలిచినది రికార్డు కాదు, సంఘము. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటమును వివిధ దృష్టులతో చూడవచ్చును. భూమి లెక్క దృష్టితో చూచినచో, పుస్తకము చెప్పినదానికిని పొలము చెప్పినదానికిని నడుమ ఏర్పడిన అగాధమే ఆ పోరాటమునకు మూలములలో ఒకటి యని తోచును.

తరువాత మార్పులు త్వరగా వచ్చెను. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యెను. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చెను. 1954-55లో ఖాస్రా పహాణీ వ్రాయబడెను. పొలము పొలమునకు పట్టాదారు డెవరు, స్వాధీనమున నున్నవా డెవరు, ఏ హక్కుతో నున్నాడు అను మూడు ప్రశ్నలకు జవాబు ఒకేచోట వ్రాయించిన రికార్డు అది. నేటికిని న్యాయస్థానములలో తెలంగాణ భూముల వివాదము వచ్చినప్పుడు, ఖాస్రా పహాణీలో ఏమున్నది అను ప్రశ్న మొదట వచ్చుచున్నది. రక్షిత కౌలుదారునకు యాజమాన్యము నిచ్చు 38-ఇ సెక్షను మొదట ఖమ్మం ప్రాంతమునను, మన ములుగు తాలూకాలోను అమలై, తక్కిన తెలంగాణమున 1973 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. అయితే రక్షిత కౌలుదారుల జాబితాలో పేరు లేనివానికి ఆ సెక్షను వలన ఒరిగిన దేమియు లేదు. ఎంత మంచి చట్టమైనను లెక్కలో పేరున్నవానికే చేయి అందించును. లెక్క వ్రాసిన నాడు పేరు తప్పిపోయినవానిని చట్టము గుర్తింపజాలదు.

ఇక 1955 తరువాత ఏమి జరిగినదో ఒక ఊహా ఉదాహరణముతో చెప్పెదను. ఒక ఊరిలో ఒక సర్వే నంబరు 8 ఎకరములనుకొందము. ఖాస్రా పహాణీలో అది ఒక రైతు పేర నున్నది. ఆయన మరణించెను. నలుగురు కుమారులు పెద్దమనుషుల సమక్షమున తలా 2 ఎకరములు పంచుకొని గట్లు వేసికొనిరి. కాగితము వ్రాసికొనలేదు, వ్రాసికొన్నను కచేరీకి తీసికొనిపోలేదు. రెండవవాడు కూతురి పెండ్లికి తన 2 ఎకరములను తెల్ల కాగితముపై అమ్మెను. కొన్నవాడు ముప్పదియేండ్లుగా దున్నుకొనుచున్నాడు. మూడవవాడు నేతపనికై భివండికి పోయి, పొలమును కౌలుకిచ్చెను. నాలుగవవాని పొలమున 10 గుంటలు రోడ్డునకు పోయెను. ఆడబిడ్డల సంగతి ఎవరును తలపెట్టలేదు. లెక్కలో మాత్రము ఆ 8 ఎకరములును తండ్రి పేరనే నిలిచి, ఒకనాడు విరాసతు క్రింద పెద్దకుమారుని పేరునకు మారెను. ఇందులో ఎవరును మోసము చేయలేదు. అయినను నలుగురి బ్రతుకు ఒక్కని పేరుపై వ్రేలాడుచున్నది. ఆ పెద్దకుమారుడు మంచివాడైనంతకాలము ఊరు నెమ్మదిగా నుండును. అతని తరువాత, భూమి ధర పెరిగిన తరువాత, అతని కుమారులు లెక్క చూచుకొందురు. అప్పుడు తెల్ల కాగితముపై కొన్నవాడు తన చెమట తప్ప వేరు సాక్ష్యము చూపలేడు.

మనము రిజిస్ట్రేషను చేయించుకొన్నాము గదా, ఇక భయమేమి యని కొందరందురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము దస్తావేజును నమోదు చేయును గాని, అమ్మినవానికి నిజముగా ఆ భూమిపై హక్కున్నదని హామీ ఇయ్యదు. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో టారెన్స్ అను నాతడు వేరొక పద్ధతిని చట్టముగా చేయించెను. అందు ప్రభుత్వపు పుస్తకమున ఎవరి పేరున్నదో వారిదే హక్కు. దానికి ప్రభుత్వమే పూచీ. మన దేశమునను అట్టి పద్ధతి రావలెనని బహుకాలముగా చర్చ జరుగుచున్నది. అది మంచిదే. అయితే ప్రభుత్వము పూచీ పడవలెనన్న ముందుగా పుస్తకము నిజము కావలెను. నిజము కాని పుస్తకమునకు పూచీ పడుట యనగా తప్పును శాశ్వతము చేయుటయే.

మన రాష్ట్రమున 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలయ్యెను. వివాదము లేని భూములు ఒక భాగముగను, వివాదమున్నవి ‘పార్టు బి’ అను వేరొక భాగముగను విడదీయబడెను. 2018 మే నెలలో రైతుబంధు పథకము ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున మొదలైనప్పుడు, లెక్కలో పేరుండుట డబ్బుతో సమానమయ్యెను. పేరున్న పట్టాదారునకు సహాయము అందెను. ఆ భూమినే కౌలుకు దున్నుచున్నవానికి అందలేదు. 2020లో గ్రామ రెవిన్యూ అధికారుల వ్యవస్థ రద్దయి, ఆ సంవత్సరము అక్టోబరు 29న ధరణి వచ్చెను. అమ్మకపు నమోదును, పేరు మార్పును ఒకేచోట, ఒకేనాడు తహశీలుదారు కార్యాలయమున జరుగునట్లు చేసినది ధరణి. నెలల తరబడి కచేరీ చుట్టు తిరుగు బాధ దానివలన చాలమందికి తప్పినది. ఆ మేలును ఒప్పుకొనవలెను. కాని తప్పు వ్రాసియున్నచో దిద్దుటకు మార్గము ఇరుకయ్యెను. “మా పేరు ఎక్కలేదు” అన్న మాట ఊరూర విననయ్యెను. ఊరిలో అడుగుటకు మనిషి లేడు. కార్యాలయమున అడిగిన సివిలు కోర్టునకు పొమ్మందురు. అరయెకరము రైతు కోర్టునకు పోవుట ఎట్లు?

2025లో ధరణి స్థానమున భూభారతి చట్టము వచ్చెను. అందు తప్పులు దిద్దుటకు అప్పీలు మార్గములు ఏర్పడినవి. ఆ సంవత్సరము ఏప్రిలులో దీనిని మొదట నాలుగు మండలములలో ప్రయోగముగా అమలుచేసిరి. అందొకటి మన ములుగు జిల్లా వెంకటాపురము మండలము. రామప్ప గుడి యున్న పాలంపేట ఆ మండలములోనిదే. అధికారులే ఊళ్లకు వచ్చి, రెవిన్యూ సదస్సులు పెట్టి, దరఖాస్తులు తీసికొనిరి. ఆ యేడే గ్రామ పాలనాధికారుల నియామకమును జరిగెను. ఊరిలో మరల అడుగుటకొక మనిషి వచ్చినాడు. చట్టముల పేర్లు మారుచుండును. ఈ మార్పులన్నింటిలో నాకు ముఖ్యముగా తోచినది ఒక్కటే: లెక్క ఊరికి నడచి వచ్చుట.

అది ఎంత దూరము పోగలదో తెలిసికొనుటకు ఆఫ్రికాలోని రువాండా దేశమును చూడవచ్చును. అంతర్యుద్ధముతోను, ఘోరమైన జాతిహత్యతోను చితికిన చిన్న దేశమది. అచ్చట 2009 మొదలు 2013 వరకు దేశములోని ఇంచుమించు అన్ని కమతములను, అనగా కోటికి పైబడిన భూఖండములను నమోదు చేసిరి. అందులకై ఆ యా ఊళ్ల యువకులకు, యువతులకే తగిన శిక్షణ నిచ్చిరి. ఆకాశమునుండి తీసిన పెద్ద ఛాయాచిత్రములను చేతబట్టుకొని, భూమిగలవారును ఇరుగుపొరుగువారును కలిసి హద్దు వెంబడి నడచిరి. అందరును ఒప్పుకొన్న చోట చిత్రముపై గీత గీసిరి. భార్య పేరును భర్త పేరుతోపాటు వ్రాసిరి. వ్రాసిన జాబితాను ఊరిలో ప్రకటించి ఆక్షేపణలు వినిరి. కొలత యంతరిక్షమునుండి వచ్చినను, సాక్ష్యము పొరుగువానినుండి వచ్చెను. అయితే అచ్చటను ఒక చిక్కు కలిగెను. తరువాతి అమ్మకములను, పంపకములను పేదలు రుసుమునకు వెనుదీసి నమోదు చేయించుకొనకపోవుటచే లెక్క మరల వెనుకబడజొచ్చెను. కావున లెక్క ఒకసారి వ్రాసి ముగించునది కాదు. ఏటేట చదివి దిద్దుకొనవలసినది.

ఇంతవరకు ఎవరి భూమి యను సంగతి చెప్పితిని. ఇక దేనికై భూమి యను సంగతికి వత్తును. ప్రణాళిక యనగా విదేశములనుండి వచ్చిన కొత్త మాట యని మనము భ్రమపడుదుము. నిజమునకు పాత సేత్వారే ఒక భూవినియోగ ప్రణాళిక. అందు ఖుష్కీ, అనగా మెట్ట; తరీ, అనగా మాగాణి; బంచరాయి, అనగా పశువుల మేత భూమి; శిఖము, అనగా చెరువు కడుపులోని భూమి. ఇట్లు ఊరిలోని ప్రతి అడుగునకు ఒక పని వ్రాసియున్నది. శిఖము భూమిలో కొంత పట్టాయైనను కావచ్చును. కాని నీరు దిగిన తరువాత మాత్రమే ఆ పట్టాదారు దున్నుకొనవలెను. నీరు వచ్చినప్పుడు ఆ భూమి చెరువుదే. ఒకే భూమిపై మనిషి హక్కును, నీటి హక్కును కలిపి వ్రాసిన తెలివి ఆ ఒక్క మాటలో నున్నది.

వరంగల్లు నేలకు ఈ మాట ప్రాణము వంటిది. కాకతీయులు ఈ ప్రాంతమును గొలుసుకట్టు చెరువులతో తీర్చిరి. పాకాల, రామప్ప, లక్నవరము వంటి మహా తటాకములే కాక, ఊరూరను చెరువులు, కుంటలు వెలసినవి. ఒక చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు వాగుద్వారా క్రిందిచెరువునకు చేరును. కావున రెండు చెరువుల నడుమ నున్న వాగు ఉత్త పల్లపు నేల కాదు, గొలుసులోని కొక్కెము. వేసవిలో ఎండిన వాగును చూచి ఇది ఖాళీ జాగా యని అనుకొన్నవాడు ఆ గొలుసును తెంపుచున్నాడన్నమాట.

నగరము పెరిగినకొలది అదియే జరిగినది. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట కలిసి ఒకటైనవి. చుట్టుపట్ల 42 గ్రామములు నగరపాలక సంస్థలో చేరినవి. పొలముల గట్లు చెరిగి ప్లాట్ల రాళ్లు లేచినవి. 2020 ఆగస్టులో కురిసిన వానలకు నగరమున అనేక కాలనీలు మునిగెను. 2023 జూలైలో మరల మునిగెను. ఆ నెలాఖరున భద్రకాళి చెరువు కట్టకు గండి పడెను. బొందివాగు, నయీంనగరు నాలా వెంబడి నివసించువారికి ఆ రాత్రులు మరపునకు రావు. ఇండ్లలో నీరు నిలిచినవారిలో పెక్కుమంది తప్పుచేసినవారు కారు. జీవితకాలపు కూడికతో 150 గజములు కొనుక్కొన్న ఉద్యోగులు, చిన్న వర్తకులు, కూలివారు. వారికి దస్తావేజు ఉన్నది. ఇంటి నంబరు ఉన్నది. పన్ను రసీదు ఉన్నది. ఆ భూమి ఒకప్పుడు నీటి దారి యని చెప్పగల నక్షా మాత్రము వారికెవరును చూపలేదు.

నియమములు లేకపోలేదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దునుండి 30 మీటర్ల వరకును, అంతకు చిన్న చెరువులు, కుంటల హద్దునుండి 9 మీటర్ల వరకును కట్టడములు కూడవని 2012 నాటి భవన నిర్మాణ నియమములు చెప్పుచున్నవి. మంచి నియమమే. కాని 30 మీటర్లు ఎచ్చటినుండి కొలువవలెను? చెరువు నిండినప్పుడు నీరు నిలుచు గీతనుండి. ఆ గీత ఎచ్చట నున్నది? ఊరిలో వృద్ధుల నడిగిన చూపుదురు. నేలపై రాయి లేదు. చూచితిరా, మొదటి పని చెడినచో రెండవ పని ఎట్లు చెడునో! హద్దు లెక్కలో నిలువనిచో ప్రణాళిక గాలిలో నిలుచును.

పంట భూమిని ఇండ్ల స్థలముగా మార్చుటయు ఇట్లే జరుగుచున్నది. 2006 నాటి చట్టము ననుసరించి రుసుము చెల్లించి, ఒక్కొక్క సర్వే నంబరుగా భూమిని వ్యవసాయేతరముగా మార్చుకొనవచ్చును. ఒక్కొక్క దరఖాస్తును విడిగా చూచిన ఆక్షేపింపదగిన దేమియు నుండదు. కాని పది దరఖాస్తులు కలిసినచో ఒక ఆయకట్టు మాయమగును. పంట కాలువకు పనిలేకుండ పోవును. చెరువును కనిపెట్టువా రుండరు. ఆ మొత్తమును ఒక్కచోట కూడి చూచు కన్ను ఊరిలో నుండవలెను.

అట్లని మొత్తము నొక్కసారిగా పైనుండి చూచిన చాలునా? దానికిని మన వరంగల్లే జవాబు చెప్పినది. 2022లో నగరపు వెలుపలి వలయ రహదారి వెంబడి 27 గ్రామములలో 21 వేల ఎకరములకు పైబడిన భూమిని సమీకరణ పద్ధతిని తీసికొని అభివృద్ధి చేయవలెనని తలపెట్టిరి. భూసమీకరణ యనగా, రైతు తన భూమి నిచ్చును. సంస్థ దారులు, కాలువలు, దీపములు ఏర్పరచి అందులో కొంత భాగమును తీర్చిన ప్లాట్లుగా రైతునకు తిరిగి ఇచ్చును. భావము చెడ్డది కాదు. విడివిడిగా లేచు అడ్డదిడ్డపు ప్లాట్ల కన్న, కలిపి తీర్చిన నేల మేలే. కాని రెండు పంటలు పండు భూములవారు రోడ్డెక్కిరి. మే నెలలో ఆ ప్రయత్నము విరమింపబడెను.

రైతులు అభివృద్ధికి విరోధులా? కారు. వారి ప్రశ్నలు సులభమైనవి. నా భూమి పోయి ఎక్కడ తేలును? నాకు తిరిగి వచ్చువరకు ఏండ్లెన్ని? అంతవరకు నా పశువులు ఏమి మేయును? కౌలుదారు సంగతి ఏమి? లెక్కలో నా పేరే సరిగా లేనప్పుడు ప్లాటు ఎవరి పేర వచ్చును? ఈ ప్రశ్నలకు జవాబు ముందు చెప్పి, పటము తరువాత గీయవలెను. అహమ్మదాబాదు మొదలగు గుజరాతు నగరములలో, 1915 నాటి బొంబాయి పట్టణ ప్రణాళిక చట్టము కాలమునుండి, ఇట్టి పద్ధతి యొకటి నడచుచున్నది. అందు ప్రతి యజమానుని పాత ముక్కయు, అతనికి వచ్చు కొత్త ముక్కయు ప్రక్కప్రక్కన చూపు పటమును, పట్టికను ప్రకటించి, ఒక్కొక్కరి ఆక్షేపణను విని, పిదప ఖాయము చేయుదురు. అచ్చటను ఆలస్యములున్నవి, ఫిర్యాదులున్నవి. కాని తన ముక్క ఎటు పోవుచున్నదో రైతు కన్నులార చూచుకొనును. నమ్మకమునకు పునాది యది. 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున, పెక్కు దేశములు కలిసి భూమి హక్కుల పాలనకు మార్గసూత్రములను అంగీకరించినవి. అందును, నిర్ణయమునకు ముందే దానివలన మార్పు పొందువారిని సంప్రదింపవలెనన్నది ఒక ముఖ్య సూత్రము. ముందు, తరువాత అను రెండు మాటలలోనే సమస్త భేదమును ఉన్నది.

కావున చేయవలసిన పనులు నాకు నాలుగు తోచుచున్నవి.

మొదటిది: ఏటికొకసారి గ్రామసభలో భూమి లెక్క బిగ్గరగా చదువబడవలెను. పూర్వము జమాబంది యను పేర ఏటేట ఊరి లెక్కల తనిఖీ జరుగుచుండెను. అది శిస్తు కొరకు. ఇప్పుడు హక్కు కొరకు జరుగవలెను. సర్వే నంబరు, పట్టాదారు, సాగుదారు, విస్తీర్ణము. ఇంత చదివిన చాలును. తప్పున్నచోట పొరుగువాడే లేచి చెప్పును. కంప్యూటరు ఎంత గొప్పదైనను, గట్టుమీద వేపచెట్టు ఎవరు నాటిరో అది ఎరుగదు, పొరుగువా డెరుగును.

రెండవది: అమ్మినను, పంచుకొన్నను, ఆ ముక్కకు కొలతయు, పటమును తప్పనిసరిగా నుండవలెను, రుసుము పేదవానికి భారము కారాదు. ఆడబిడ్డల పేర్లు పంపకములో మరువరాదు. మన ఉమ్మడి రాష్ట్రమున 1986లోను, దేశమంతట 2005లోను వచ్చిన సవరణలు కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు నిచ్చినవి. చట్టమున నున్న పేరు లెక్కలోనికి ఎక్కవలెను.

మూడవది: ప్రతి చెరువునకు, ప్రతి వాగునకు నిండు నీటి గీతను ఊరి వృద్ధుల యెదుట గుర్తించి, రాళ్లు పాతి, ఆ గీతను గ్రామ నక్షాలోను, నగర ప్రణాళికలోను ఒకే రీతిగా ఎక్కింపవలెను. రెండు కార్యాలయములలో రెండు పటములున్నంతకాలము వాన మూడవ పటమును గీయుచునే యుండును.

నాలుగవది: నగరపు బృహత్ప్రణాళిక యైనను, కొత్త రహదారి యైనను, సర్వే నంబర్లతో, తెలుగు భాషలో, పంచాయతీ గోడపై ముందుగా అంటింపబడవలెను. రంగుల పటమును చూచి తన పొలము ఏ రంగులో పడినదో రైతు తెలిసికొనలేడు. నంబరు చెప్పినచో తెలిసికొనును. ఆక్షేపణలు విన్న తరువాత ఏది ఒప్పుకొంటిమి, ఏది ఒప్పుకొనలేదు, ఎందుచేత అని జవాబు కూడ ఆ గోడపైననే కనబడవలెను.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. మనము చేయవలసినవియు కొన్ని గలవు. ఈ ప్రసంగము ముగిసిన తరువాత ఇంటిలోని ఇనుప పెట్టెను ఒకసారి తెరువుడు. కాగితములను పరచి, సర్వే నంబరును, విస్తీర్ణమును, పేరును పోల్చి చూడుడు. తండ్రి మరణించి యేండ్లు గడచినను విరాసతు చేయించుకొననిచో ఇక ఆలసింపకుడు. అన్నదమ్ములు సఖ్యముగా నున్నప్పుడే పంపకము వ్రాసికొనుడు. సఖ్యము చెడిన తరువాత వ్రాసికొనవలసినది వకాలత్ నామా. ప్లాటు కొనదలచినవారు దస్తావేజుతో తృప్తిపడక, ఆ నంబరు పాత పహాణీలో ఖుష్కీయా, తరీయా, శిఖమా యని అడుగుడు. శిఖమని యున్నచో ధర ఎంత తక్కువైనను వెనుకకు మరలుడు. కౌలుకిచ్చినవారు కౌలుదారు పేరు వ్రాయుటకు జంకకుడు. దున్నువాని పేరు దాచిన లెక్క ఎవనికిని మేలు చేయలేదని మన చరిత్రయే చెప్పుచున్నది.

భూమి పెరుగదు. మనుష్యులు పెరుగుదురు, ధరలు పెరుగును, నగరములు పెరుగును. ఓరుగల్లు కోట చుట్టు నేల కాకతీయుల నాడెంతయో నేడును అంతే. ఉన్నదానిని తగవు లేకుండ పంచుకొనుట, పంచుకొన్నదానిని పాడుచేయకుండ వాడుకొనుట — ఇంతకు మించిన భూసమస్య లేదు. రెండు పొలముల నడుమ హద్దురాయి పాతునప్పుడు మన పెద్దలు ఇరువైపులవారిని పిలిచి, నలుగురి యెదుట పాతెడివారు. రాయి బరువు వలన గాక, ఆ నలుగురు చూచుట వలన హద్దు నిలిచెను. నేటి లెక్క కంప్యూటరులో నున్నను, నేటి ప్రణాళిక రంగుల పటములో నున్నను, వానికిని ఆ నలుగురు కావలెను.